సంక్రాంతికి ఇద్దరం కన్యాకుమారి పోవాలి: ఏ బండి కొనాలి?

పానగల్లు_బాటసారి
2 నవంబరు 2025

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్తాను. వయసు 47, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు 72 కిలోలు. పదకొండేళ్లుగా ఒక 125 సీసీ బండి నడుపుతున్నాను. దాని మీదే నేనూ మా ఇంటావిడా నాగార్జునసాగర్, మట్టపల్లి, శ్రీశైలం, అలంపురం తిరిగి వచ్చాము. అది ఏనాడూ మొరాయించలేదు గాని, ఇద్దరం ఒక సంచితో ఎక్కితే ఈగలపెంట ఘాటులో రెండో గేరుకు దిగితే తప్ప కదలదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద 75 దాటిందంటే హ్యాండిలు పట్టుకున్న వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పక్కనుంచి బస్సు దూసుకుపోతే బండి జానెడు పక్కకు జరిగినట్టు అనిపిస్తుంది.

వచ్చే సంక్రాంతి సెలవుల్లో దేవరకొండ, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల చేరి, అక్కడ 44వ నంబరు రహదారి ఎక్కి కన్యాకుమారి దాకా పోయి రావాలని అనుకున్నాము. ఆ తర్వాత ఏదో ఒక ఏడాది లేహ్ చూడాలన్నది నా కోరిక. లైఫ్ ట్యాక్సు, బీమా అన్నీ కలుపుకొని మూడు లక్షలకు మించి పెట్టలేను. బడిలో అడిగితే నలుగురు నాలుగు పేర్లు చెప్పారు. షోరూముల్లో అడిగితే ఎవరి బండి వాళ్లకు బంగారం. దూరాలు తిరిగినవాళ్లు చెప్తే వినాలని ఇక్కడ రాస్తున్నాను.

పాలమూరు_390
2 నవంబరు 2025

సార్, దూర ప్రయాణమంటే ముందు పవరు చూడాలి. నేను కేటీఎం 390 అడ్వెంచర్ మీద మూడేళ్లలో 41 వేల కిలోమీటర్లు తిరిగాను. నాది పాత 373 సీసీ ఇంజను, 43 గుర్రాల పైచిలుకు శక్తి, ఆరు గేర్లు. భూత్పూర్ దాటిన తర్వాత వరుసగా మూడు లారీలు పోతుంటే గేరు దించకుండానే దాటేస్తుంది. 350 సీసీ బండ్లు 190 కిలోల బరువుండి ఇరవై గుర్రాలతో నడుస్తాయి. అంత డబ్బు పెట్టి మీ 125కు అన్నగారిని తెచ్చుకోవడం ఎందుకు? కొత్తది ధర ఎక్కువనుకుంటే సెకండ్ హ్యాండులో చూడండి.

జడ్చర్ల_పానా
3 నవంబరు 2025

సార్, నేను ఇరవై రెండేళ్లుగా జడ్చర్లలో బండ్లు విప్పి బిగిస్తున్నాను. తమ్ముడు చెప్పినది మంచి బండే, దాన్ని వాడుకోవడం తెలిసిన చేతిలో తిరుగులేదు. కాని మీరు రాసినదాంట్లో మూడు లెక్కలు ఉన్నాయి. మీరు లెక్కల సారే కాబట్టి వాటితోనే మొదలుపెడదాము.

మీ బరువు 72. మీ ఇంటామె బరువు అడగడం మర్యాద కాదు, 60 అనుకుందాము. సంచులు 20, హెల్మెట్లు, జాకెట్లు, నీళ్ల సీసాలు మరో 8. మొత్తం 160 కిలోలు. బండితో ఇచ్చే పుస్తకంలో ఖాళీ బరువు ఒకటి, నిండు బరువు ఒకటి రాసి ఉంటాయి. ఆ రెండింటి తేడాయే మీరు ఎక్కించదగిన బరువు. ఇన్నేళ్లలో ఆ పేజీ చదివి నా దగ్గరికి వచ్చిన మనిషిని నేను చూడలేదు. వెనక షాకబ్జార్బరు నూనె కారుతున్నదని మాత్రం నెలకు పదిమంది వస్తారు.

రెండో లెక్క వేగం. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కూడా మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం 80. కాబట్టి మీకు కావలసింది 140 పోయే బండి కాదు, 80 దగ్గర పొద్దంతా అలవకుండా నడిచి, లారీని దాటేటప్పుడు కొంత మిగులు చూపించే బండి. మీ 125 ఇంజను తన పూర్తి శక్తిని నిమిషానికి 7,500 తిప్పుల దగ్గర ఇస్తుంది, అంటే 80 దగ్గర అది గొంతు చించుకుంటున్నట్టే లెక్క, మీ వేళ్ల తిమ్మిరి అక్కడి నుంచే వస్తున్నది. రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350కి ఇరవై గుర్రాలే ఉన్నా, 27 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) 4,000 తిప్పుల దగ్గరే దొరుకుతుంది. హోండా హైనెస్ సీబీ 350లో 30 న్యూటన్ మీటర్లు 3,000 దగ్గరే వస్తాయి. బరువుతో ఘాటు ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఇదే. పెద్ద వేగాలకు గుర్రాలు, పెద్ద బరువులకు టార్కు అని గుర్తుపెట్టుకుంటే చాలు.

మూడోది దూరం. నల్లగొండ నుంచి మా ఊరికి సుమారు 150, ఇక్కడి నుంచి కర్నూలు, అనంతపురం, బెంగళూరు, సేలం, మధురై మీదుగా కన్యాకుమారికి 1,170 దాకా ఉంటుంది. పోనూ రానూ 2,650 వేసుకోండి. సెలవులు ఎన్ని రోజులు?

పానగల్లు_బాటసారి
3 నవంబరు 2025

సెలవులకు ముందూ వెనకా సీఎల్‌లు కలిపి పది రోజులు చేసుకున్నాను. మధురైలో ఒకరోజు, కన్యాకుమారిలో ఒకరోజు ఆగుతాము. అంటే బండి మీద ఉండేది ఎనిమిది రోజులు, రోజుకు 330 కిలోమీటర్లు పడుతుంది.

వనపర్తి_వకుళ
4 నవంబరు 2025

సార్, మీ ఎత్తు రాశారు గాని కాలి కొలత రాయలేదు. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. నాలుగేళ్ల కింద నేను కొన్న మొదటి పెద్ద బండి సీటు నాకు ఎత్తు. షోరూములో చదునైన గచ్చు మీద, మునివేళ్లు ఆనుతున్నాయి కదా అని తీసుకున్నాను. పెబ్బేరు దగ్గర ఒక బంకులో పెట్రోలు పోయించుకొని కదలబోతుంటే, కుడివైపు నేల వాలుగా ఉంది, కింద ఎవరో ఒలకబోసిన డీజిలు ఉంది. ఎడమ కాలు నేల మీద ఉంటే ఏమీ అయ్యేది కాదు, నేను కుడికాలు దించాను. బూటు జారింది, వెనక కూర్చున్న మా తమ్ముడితో సహా బండి నిదానంగా, అందరూ చూస్తుండగా, పడుకున్నది. దెబ్బలు తగలలేదు. బ్రేకు లీవరు విరిగింది. అందులో బండి తప్పు ఏమీ లేదు, కొలుచుకోకుండా కొన్నది నేనే.

మీరు ఈ రాత్రే ఒక పని చేయండి. చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య బెత్తెడు ఎడం పెట్టి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పైదాకా జరిపి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీత పెట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. నేల నుంచి ఆ గీత దాకా ఎన్ని సెంటీమీటర్లో అది మీ కాలి కొలత. నాది 73. ఇప్పుడు సీట్ల ఎత్తులు చూడండి: మీటియర్ 765 మిల్లీమీటర్లు, సీబీ 350, పాత హిమాలయన్ 411 రెండూ 800, కొత్త హిమాలయన్ 450 825, సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్ 835, తమ్ముడు చెప్పిన 390 అడ్వెంచర్ 855. కూర్చుంటే సస్పెన్షను కొంత దిగుతుంది, బూటు మడమ కొంత కలిసివస్తుంది. అయితే సీటు వెడల్పుగా ఉంటే తొడలు ఎడమై ఆ లాభం మళ్లీ పోతుంది కాబట్టి, కాగితం మీది అంకె ఒక్కదాన్ని నమ్మవద్దు.

నేను తర్వాత మీటియర్ లాంటి ఒక క్రూజర్ తరహా బండికి మారాను. హంపి, గోకర్ణం దాని మీదే పోయి వచ్చాను. పాదాలు పూర్తిగా నేలకు ఆనుతాయి, మనసు నెమ్మదిగా ఉంటుంది. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి: క్రూజర్ మీద కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాము కాబట్టి, గుంత వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడడం కుదరదు. దెబ్బంతా నడుము కింది ఎముకకే తగులుతుంది.

పాలమూరు_390
4 నవంబరు 2025

అక్కా, ఎత్తు అలవాటైపోతుంది. నా స్నేహితుడు అయిదడుగుల అయిదు ఉండి 390 నడుపుతున్నాడు, ఒక్క పిర్ర పక్కకు జరిపి ఒక కాలు పూర్తిగా ఆనిస్తాడు.

వనపర్తి_వకుళ
4 నవంబరు 2025

మీ స్నేహితుడి వెనక ఎవరైనా కూర్చుంటారా తమ్ముడూ? వెనక 60 కిలోల మనిషి ఉన్నప్పుడు ఒక పక్కకు జరిగి ఆగడం వేరు, ఒంటరిగా ఆగడం వేరు.

కోదాడ_65
5 నవంబరు 2025

అందరూ ఇంజను, సీటు గురించి మాట్లాడారు, చక్రాల గురించి నేను చెప్తాను. రెండేళ్ల కింద వానాకాలంలో శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్నాము. బండి పేరు చెప్పను, పుల్లల చక్రాలు, లోపల ట్యూబు. వటవర్లపల్లి దాటి ఫరహాబాద్ వైపు వస్తుంటే సాయంత్రం ఆరూ నలభైకి వెనక చక్రం మెత్తబడింది. ఆ దారి మీకు తెలుసు: రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర, దోమలపెంట దగ్గర చెక్‌పోస్టులు మూస్తారు, పొద్దున ఆరింటి దాకా తెరవరు, నడుమ అంతా పులుల అడవి. ఫోనులో సిగ్నలు లేదు. కాస్త ముందుకు పోతే మనుషులు కనిపిస్తారేమోనని గాలి లేని చక్రం మీదే ఓ రెండు వందల గజాలు నడిపాను. అదే నేను చేసిన తప్పు. చివరికి ఖాళీగా పోతున్న ఒక ట్రాలీ ఆటో అతను దయతలచి ఎక్కించుకున్నాడు.

మన్ననూరులో పంక్చరు దుకాణం అతను దీపం వెలుతురులో చక్రం ఊడదీసి, ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. మొల దిగిన చోటు ఒక్కటే, బుడగలు మాత్రం ఆరు చోట్ల నుంచి వచ్చాయి. వాల్వు మొదలు దగ్గర రబ్బరు చిరిగి ఉంది. "ఇది అతికేది కాదు సార్, గాలి లేకుండా నడిపిన్రు" అన్నాడు. ఆ సైజు ట్యూబు అతని దగ్గర లేదు. తెల్లవారి అచ్చంపేట పోయి తెచ్చుకున్నాము.

ట్యూబ్‌లెస్ టైరయితే మొల దిగినా గాలి మెల్లగా పోతుంది, మొల పీకకుండా గాలి కొట్టుకుంటూ ఊరు చేరవచ్చు, లేదా అక్కడే సూదితో రబ్బరు స్ట్రిప్పు దూర్చి పది నిమిషాల్లో కదలవచ్చు. మీటియర్‌కు, సీబీ 350కి అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్నాయి. రాళ్ల దారుల్లో, పెద్ద గుంతల్లో పుల్లల చక్రం వంగుతుందే గాని పగలదు కాబట్టి కొండదారుల వాళ్లు దాన్నే ఇష్టపడతారు. హిమాలయన్ 450కి పుల్లలుండీ ట్యూబ్‌లెస్ అయ్యే చక్రాలు కూడా ఇస్తున్నారు. మీరు మొదట పోయేది 44వ నంబరు రోడ్డు మీద కాబట్టి నా ఓటు ట్యూబ్‌లెస్‌కు. ఏ బండి కొన్నా గాలి కొట్టే చిన్న పంపు సీటు కింద ఉండాలి.

పానగల్లు_బాటసారి
5 నవంబరు 2025

వకుళ గారూ, గోడ మీద గీత పెట్టించాను, 74 వచ్చింది. గోడకు సున్నం వేసి నెల కాలేదని ఇంట్లో చివాట్లు కూడా వచ్చాయి. హిమాలయన్ 450 మీద నాకు మనసు ఉండేది. 452 సీసీ, 40 గుర్రాలు, 17 లీటర్ల ట్యాంకు, అన్నీ బాగున్నాయి. మూడు లక్షల్లో కుదురుతుందా?

నకిరేకల్_నిదానం
6 నవంబరు 2025

కుదరదు సార్. సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, 350 దాటినవాటికి 40 శాతం అయింది. కొన్ని కంపెనీలు పెరిగిన పన్నును కొంతకాలం తామే భరిస్తామని ప్రకటించాయి గాని, 450 మాత్రం లైఫ్ ట్యాక్సు, బీమా కట్టి రోడ్డు మీదికి వచ్చేసరికి మీ గీత దాటుతుంది. సీబీ, మీటియర్ లాంటి 348, 349 సీసీ బండ్లకు ఇప్పుడున్నంత అనుకూలమైన కాలం ఈమధ్య లేదు.

జడ్చర్ల_పానా
6 నవంబరు 2025

సెకండ్ హ్యాండ్ మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. టైరు పక్కన అచ్చులో నాలుగంకెలు ఉంటాయి: 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైనదని అర్థం. మీటరులో తొమ్మిది వేల కిలోమీటర్లు చూపించి, టైరు మాత్రం బండి కంటే రెండేళ్లు చిన్నదయితే, అమ్మేవాడిని నవ్వుతూ అడగండి. ముందు చక్రం గాల్లో లేపి హ్యాండిలును మెల్లగా అటూ ఇటూ తిప్పితే, నట్టనడుమ టక్కున ఒకచోట కూర్చుంటున్నట్టు తెలిస్తే స్టీరింగు బేరింగులు పోయినట్టే. ఇంకొకటి, 2023 ఏప్రిల్ తర్వాత తయారైనవాటి గొట్టాలు, వాషర్లు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునేలా చేశారు. అంతకు ముందువి చూస్తే పెట్రోలు పైపులు ఒకసారి పిసికి చూడండి, గట్టిపడి ఉంటే మార్పించాలి.

పానగల్లు_బాటసారి
8 నవంబరు 2025

నమస్కారం. ఇది ఆయన ఖాతాయే గాని రాస్తున్నది నేను, ఆయన ఇంటావిడను. రాత్రి కూర్చొని అందరూ రాసినవి చదివాను. రాసినవాళ్లంతా హ్యాండిలు ముందు కూర్చునేవాళ్లే, వెనక కూర్చునేవాళ్ల మాట వకుళ గారు ఒక్కరే ఎత్తారు. 2,650 కిలోమీటర్లు నేను కూడా కూర్చోవాలి కదా, అందుకని రాస్తున్నాను.

ముందు కూర్చున్నవారికి స్పీడ్ బ్రేకరు కనిపిస్తుంది, నడుము బిగించుకుంటారు. వెనకవాళ్లకు అది తగిలిన తర్వాతే తెలుస్తుంది. బ్రేకు వేసినప్పుడల్లా సీటు వాలుగా ఉంటే ముందుకు జారి ఆయన వీపుకు ఆనుతాను, మళ్లీ వెనక్కి జరగాలంటే చేత్తో పట్టుకోవడానికి ఏదైనా ఉండాలి. మొన్న ఒక షోరూములో చూపించిన బండికి వెనక పట్టుకునే కడ్డీ లేదు, ఒక తోలు పట్టీ ఉంది. దాన్ని పట్టుకొని బెంగళూరు దాకా ఎట్లా పోతారో ఆ అబ్బాయి చెప్పలేకపోయాడు. మరో బండికి వెనక ఫుట్‌రెస్టులు ఎంత ఎత్తున ఉన్నాయంటే, కూర్చుంటే మోకాళ్లు నడుము దాకా వచ్చాయి. పది నిమిషాలకే తొడల దగ్గర పట్టేసింది. నేను ప్రయాణంలో చుడీదారే వేసుకుంటాను, రెండువైపులా కాళ్లు వేసి కూర్చుంటాను. అప్పుడు కుడి పిక్కకు సైలెన్సరు వేడి తగులుతుందా లేదా అన్నది కూడా చూడాలి, ఎండాకాలం ఇది చిన్న విషయం కాదు.

ఆయన షోరూము చుట్టూ ఒక తిప్పు తిప్పి నిర్ణయించుకునేలా ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎవరిదైనా బండి అడిగి తీసుకొని, ఇద్దరమూ సంచితో సహా సాగర్ దాకా పోయి వచ్చిన తర్వాతే డబ్బు కట్టాలని చెప్పాను.

జడ్చర్ల_పానా
8 నవంబరు 2025

అమ్మా, ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చే మాట మీరే రాశారు. సార్, బండి అడిగి తీసుకున్నప్పుడు వెనక స్ప్రింగు బిగువు చూడండి. షాకబ్జార్బరు అడుగున మెట్లున్న కడియం ఉంటుంది, బండితో ఇచ్చిన కొక్కెపు పానాతో దాన్ని తిప్పాలి. ఒక్కరే నడిపేవాడు దాన్ని మొదటి మెట్ల మీద ఉంచుతాడు. ఇద్దరు, సంచులు ఎక్కినప్పుడు రెండు మూడు మెట్లు బిగించకపోతే వెనక భాగం కూలబడి ప్రతి గుంతకూ అడుగు కొట్టుకుంటుంది, హెడ్‌లైటు ఆకాశాన్ని చూస్తుంది, మీరేమో బండి మంచిది కాదంటారు. టైర్లలో గాలి కూడా ఇద్దరికి ఎంతని చెయిన్ కవరు మీద రాసి ఉంటుందో అంతే పెట్టించండి.

సంచులు తగిలించే ఇనుప స్టే గురించి ఇప్పుడే ఆలోచించండి. ఎడమవైపు చీర గార్డు ఉంటుంది, చాలా స్టేలు దాన్ని తీసేస్తేనే కూర్చుంటాయి. చీర, చున్నీ చక్రంలో పడకుండా ఆపేది అదే కాబట్టి, అది ఉండగానే పట్టే స్టే అడగండి.

మక్తల్_మజిలీ
9 నవంబరు 2025

నేను రిటైరయ్యాను, లేహ్ రెండుసార్లు పోయాను కాబట్టి ఆ ముక్క నేను చెప్తాను. సార్, లేహ్ కోసమని ఇప్పుడు బండి కొనకండి. ఎప్పుడో పోయే పదిహేను రోజుల కోసం మిగిలిన రోజులన్నీ కాలికి అందని సీటు మీద ఎక్కి దిగుతూ నల్లగొండ గడియారం సెంటరులో తిరగడం నాకు అర్థం కాని లెక్క. అక్కడికి 350 సీసీ బండ్లూ పోతున్నాయి, నూటయాభైలూ పోతున్నాయి.

మొదటిసారి 2012లో కార్బురేటరు బండి మీద పోయాను. పద్దెనిమిది వేల అడుగుల దగ్గర గాలి మన దగ్గర ఉన్నదాంట్లో సగమే ఉంటుంది. పెట్రోలు మాత్రం అంతే దిగుతుంది కాబట్టి ఇంజను ఉక్కిరిబిక్కిరై నల్లపొగ వదిలింది. ఖర్దూంగ్లా కనుమ చివరి మలుపుల్లో నేను దిగి పక్కన నడుస్తూ మొదటి గేరులో ఎక్కించాను. ఇప్పుడు బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, సెన్సరు గాలిని కొలిచి పెట్రోలు తగ్గిస్తుంది. శక్తి తగ్గుతుంది గాని ఊపిరాడక ఆగిపోదు.

అక్కడ చూడవలసింది ట్యాంకు. మనాలి నుంచి అటల్ సొరంగం దాటి తాండి చేరితే, తర్వాతి బంకు 365 కిలోమీటర్లని చెప్పే బోర్డు అక్కడ పేరుపొందింది. 15 లీటర్ల ట్యాంకు లీటరుకు 30 చొప్పున 450 ఇస్తుంది, చలిలో ఘాట్లలో మైలేజీ పడినా గడ్డకు చేరతారు. 12, 13 లీటర్లదయితే చిన్న డబ్బాలో అయిదు లీటర్లు వెంట ఉండాలి. ఇక ఇక్కడి నుంచి ఢిల్లీ దాకా నడపవలసిన పని లేదు. పెట్రోలు తీయించి, ఆర్‌సీ నకలు ఇచ్చి, గోనెసంచులు చుట్టించి సికింద్రాబాదు నుంచి రైలులో పార్శిలు వేయవచ్చు. అద్దాలు, సంచులు ముందే విప్పి మీతో తీసుకుపోండి, ట్యాంకుకు పాత దుప్పటి చుట్టించండి.

తిప్పర్తి_కల్లం
9 నవంబరు 2025

రాత్రి ప్రయాణం పెట్టుకోకండి అని ఎవరూ అనలేదు, నేను అంటాను. ఇప్పుడు వానాకాలం కోతలు నడుస్తున్నాయి. మా వైపు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, చీకటి పడితే కుప్ప చేసి నల్లటి టార్పాలిన్ కప్పి, అంచున రాళ్లు పేరుస్తారు. నల్ల డాంబరు మీద నల్ల టార్పాలిన్ హెడ్‌లైటుకు పది గజాల దగ్గర గాని కనిపించదు. పగలు కూడా పలచగా చల్లిన వడ్ల మీద బ్రేకు వేస్తే గోలీల మీద వేసినట్టే. 2019 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, అది చక్రం బిగుసుకోకుండా ఆపుతుంది. రెండు చక్రాలకూ ఉన్నదే తీసుకోండి. నేను ధాన్యం పండించేవాణ్ణే, ఆరబోసేవాళ్లలో నేనూ ఉన్నాను, కల్లాలు చాలక పోస్తున్నాము. అందుకే చెప్తున్నాను.

పానగల్లు_బాటసారి
17 నవంబరు 2025

రెండు ఆదివారాలు పరీక్షలు పెట్టాము. మొదటి వారం మా తోడల్లుడి మీటియర్, నిన్న నకిరేకల్ మిత్రుడి సీబీ 350. రెండుసార్లూ ఒకే దారి: హాలియా మీదుగా సాగర్, తిరుగు ప్రయాణం అదే దారిలో. వెనక సంచిలో ఇరవై కిలోల బియ్యం కట్టాము. పానా అన్న చెప్పినట్టు స్ప్రింగు మూడు మెట్లు బిగించాను.

మీటియర్ మీద ఎక్కగానే ఇంట్లో సోఫాలో కూర్చున్నట్టు ఉంది. పాదాలు పూర్తిగా ఆనాయి, నిడమనూరు దగ్గర గొర్ల మంద అడ్డం వస్తే పది నిమిషాలు అట్లాగే నిలబడ్డా ఇబ్బంది కాలేదు. 80 దగ్గర వేళ్లకు తిమ్మిరి అన్నదే లేదు. గంటన్నర తర్వాత మాత్రం వకుళ గారు చెప్పిన ఎముక నాకు గుర్తుకు వచ్చింది. నా నడుముకు ఒకప్పుడు డిస్కు నొప్పి ఉంది, కాబట్టి ఇది బండి మీద తీర్పు కాదు. అదే బండిని మా తోడల్లుడు ఆరేళ్లు చిన్నవాడై హాయిగా నడుపుతున్నాడు.

సీబీ 350 మీద కాళ్లు నిటారుగా కిందికి ఉంటాయి, వీపు నిలువుగా ఉంటుంది, గుంత వస్తే ఫుట్‌రెస్టుల మీద కొంచెం లేవవచ్చు. 800 మిల్లీమీటర్లకు నా 74 సెంటీమీటర్లు సరిపోలేదు, రెండు పాదాల ముందు భాగాలే ఆనాయి. కాని బరువు 181 కిలోలే కావడంతో నిలబెట్టడం తేలికగానే ఉంది. ఇంటావిడ సంగతి: సాగర్‌లో దిగగానే ఆమె ఏమీ అనకుండా నేరుగా పోయి చేపల బజ్జీలు కొనుక్కొచ్చింది. మొదటి వారం అక్కడ దిగి పావుగంట నడుము పట్టుకొని నిలబడింది. నేను ఇంకేమీ అడగలేదు.

పాలమూరు తమ్ముడూ, నీ బండి కూడా ఎక్కి చూద్దామనుకున్నాను గాని, గోడ మీది గీత చూసి మానుకున్నాను.

పాలమూరు_390
17 నవంబరు 2025

ఫరవాలేదు సార్. సంక్రాంతికి జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా మీ ముందు నేను వస్తాను, 80 దాటను.

జడ్చర్ల_పానా
18 నవంబరు 2025

సీబీకి ఒక ఇబ్బంది ముందే తెలుసుకోండి. ఎన్‌ఫీల్డుకు మండలానికి ఒక మెకానిక్కు దొరుకుతాడు, దీన్ని హోండా వాళ్ల బిగ్‌వింగ్ షోరూములే చూస్తాయి, అవి పెద్ద పట్టణాల్లోనే ఉంటాయి. కాబట్టి క్లచ్ కేబులు, ఒక జత లీవర్లు, ఆయిల్ ఫిల్టరు, రెండు ఫ్యూజులు కొని వెంట పెట్టుకోండి. కొత్త బండి తెచ్చిన వారానికే కన్యాకుమారి బయలుదేరవద్దు. డిసెంబరు మొదట్లోనే తీసుకొని, మొదటి వేయి కిలోమీటర్లు ఒకే వేగంలో సాగదీయకుండా పెంచుతూ తగ్గిస్తూ నడిపి, మొదటి ఆయిలు మార్పించి, చెయిన్ బిగించి అప్పుడు బయలుదేరండి. కొత్త చెయిన్ మొదట్లోనే సాగుతుంది. దారిలో అయిదు వందల కిలోమీటర్లకు ఒకసారి తుడిచి లూబు కొట్టాలి, ఇంజను ఆపి చేత్తో చక్రం తిప్పుతూ కొట్టాలి. ఇంజను నడుస్తుండగా గుడ్డ పెట్టి తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పానగల్లు_బాటసారి
21 డిసెంబరు 2025

సీబీ 350 ఈ నెల 5న వచ్చింది. మీటరులో ఈరోజుకు 1,084 ఉంది, ఆయిలు మారింది, చెయిన్ రెండుసార్లు బిగించాను. మొన్న ఇద్దరం దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం పోయి వచ్చాము. ఈగలపెంట ఘాటు మూడో గేరులోనే ఎక్కింది. లీటరుకు 34 వచ్చింది.

చీర గార్డు తీయించలేదు. దుకాణంలో ఉన్న స్టే దానికి తగులుతుంటే, పానగల్లు రోడ్డులో వెల్డింగు చేసే అతని దగ్గర ఎడమవైపు కడ్డీని రెండంగుళాలు బయటికి వంచి అతికించాము. అందుకు ఎడమ సంచి కుడిదానికంటే కొంచెం బయటికి పొడుచుకొని వచ్చింది, ఇరుకు దారుల్లో గుర్తుపెట్టుకోవాలి. బరువైనవి కుడి సంచిలో, బట్టలు ఎడమదాంట్లో పెట్టుకుంటే బండి ఒక పక్కకు లాగుతుందా, సమంగానే ఉంటుందా పానా అన్నా? జనవరి 9న పొద్దున అయిదింటికి బయలుదేరుతున్నాము, ఎనిమిదిన్నరకల్లా మీ దుకాణం ముందు ఉంటాము.

జడ్చర్ల_పానా
21 డిసెంబరు 2025

రెండు సంచుల తేడా రెండు కిలోలు దాటనివ్వకండి. బయటికి పొడుచుకొచ్చిన సంచి ఎక్కువ లాగుతుంది కాబట్టి బరువైనవి కుడివైపే పెట్టండి, అన్నీ సంచి అడుగున ఉండాలి. తొమ్మిదిన పొద్దున రండి సార్, తూకం నా దగ్గర ఉంది, వేసి చూద్దాము.